కళ్లు మూసుకుని ఏరే ఉన్ని

చలికి వణికేవాళ్ల కోసం వడికేవాళ్లం మేము. ఈ మాట దుకాణం బోర్డు మీద రాయిద్దామని నేను ఏళ్లుగా పోరుతున్నాను. "అది చదివి జనం పారిపోతే ఆ తర్వాత వణికేది మనమే" అని మా వదిన ఒప్పుకోలేదు. అందుకని బోర్డు మీద 'ఉన్ని' అని మాత్రమే ఉంది. లోపల ఉన్నదీ ఉన్నే. కాస్త పట్టు, కాస్త అవిసెనార, ఒక డబ్బాడు ఒంటె బొచ్చు కూడా ఉన్నాయి గానీ అవి ఉన్నాయంటే ఉన్నాయి.

ముందు గది నాది. వచ్చినవాళ్లతో వాగడం నా ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు కాబట్టి వాగుడంతా కొట్టుకే దక్కింది. మధ్య గదిలో అన్నయ్య ముళ్ల డ్రమ్ము తిప్పుతూ ఉన్నిని ఏకుతాడు. వెనక గదిలోంచి వదిన అన్నయ్యని ఏకుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క పోగూ తెగలేదంటే ఇద్దరూ పని తెలిసినవాళ్లే అనుకోవాలి.

కానీ మా కొట్టు నిలబడింది నా వాగుడు మీదా కాదు, అన్నయ్య డ్రమ్ము మీదా కాదు. వదిన ఏరడం మీద.

వడకడానికి కావలసిన ఉన్ని వేరు, ఫెల్ట్‌కి కావలసింది వేరు. వడికే పీచు పొడుగ్గా ఉండాలి, లాగితే ఒకదాని వెంట ఒకటి బుద్ధిగా జారాలి. ఫెల్ట్ అంటే మగ్గమూ సూదీ లేకుండా, వేడినీళ్లూ సబ్బూ పోసి రుద్ది రుద్ది చేసే మందపాటి గుడ్డ. దాని పీచు జారకూడదు. ఒకదాన్నొకటి జుట్లు పట్టుకుని మళ్లీ వదలకూడదు. "వడికేవాళ్లు పీచుని బుజ్జగిస్తారు, ఫెల్ట్ చేసేవాళ్లు పీచమణుస్తారు" అని చెబితే కొనేవాళ్లు నవ్వుతారు. నవ్విన మనిషి ఖాళీ చేతుల్తో వెళ్లడు.

ఇంకో రకం కూడా ఉంది. మెషీన్‌లో ఉతికినా ముడుచుకోకుండా మిల్లులో మందు పట్టించిన ఉన్ని. పసిపిల్లల స్వెట్టర్లకి దాన్ని మించింది లేదు. ఫెల్ట్‌కి దాన్ని మించిన దరిద్రమూ లేదు. గంటలకొద్దీ రుద్దినా ఒక పీచు ఇంకో పీచుని పలకరించదు. చూడబోతే రెండిటిదీ ఒకటే తెలుపు. వ్యాపారి తెచ్చే సంచుల్లో అన్నీ ఉంటాయి, ఏ సంచిలో ఏముందో వ్యాపారికే తెలీదు.

అందుకని మా ఇంట్లో ఏరేవాళ్లు కళ్లు మూసుకుని ఏరాలి. మా అమ్మ పెట్టిన కట్టడి అది. తెలుపు చూశాక చెయ్యి కూడా అబద్ధమాడుతుందని ఆవిడ నమ్మకం. సంచులన్నీ గోడవారగా వరసగా నిలబెడతాం. ఏరే మనిషి కళ్లకి మఫ్లర్ కట్టుకుని ఒక్కో సంచిలో చెయ్యి పెట్టి, ఒక కుచ్చు తీసి, రెండు వేళ్ల మధ్య రుద్దుతుంది. మొదట్నుంచి కొసకి ఒకసారి, కొసనుంచి మొదటికి ఒకసారి. తర్వాత 'వడుకు' అనో 'ఫెల్ట్' అనో 'కూరుడు' అనో చెబుతుంది. కూరుడంటే దిండ్లలోకి. పక్కనే నడుస్తూ నేను సుద్దముక్కతో సంచి మీద రాస్తాను. అమ్మ కూతురిని నేనే అయినా, అమ్మ వేళ్లు మాత్రం కోడలికి వచ్చాయి. నాకు అమ్మ నోరు వచ్చింది.

పోయిన చలికాలం వదినకి జబ్బు చేసింది. దాని పేరు మేం ఇంట్లో పలకం. మందులు జబ్బుని తీసుకెళ్లాయి, పోతూ పోతూ వేళ్ల కొసల్లోని స్పర్శ కూడా పట్టుకుపోయాయి. "తిరిగి రావచ్చు" అన్నాడు డాక్టరు. డాక్టర్ల 'రావచ్చు'కీ చుట్టాల 'వస్తాం'కీ పెద్ద తేడా లేదు, వచ్చేదాకా తలుపు తీసి ఉంచడమే. ఎండలు ముదిరాక ఒకరోజు వదిన "వచ్చేసింది" అంది. నమ్మాం. ఆవిడ వేళ్లలోకి దూరి చూడలేం కదా.

ఆ మాట విని టోపీల బాబాయ్ వచ్చాడు. ఊరంతటికీ నిజాయితీగా టోపీలు పెట్టే మనిషి ఆయనొక్కడే. మా ఫెల్ట్‌లో సగం ఆయనకే పోతుంది. వదిన మంచాన ఉన్నన్నాళ్లూ మిల్లు ఫెల్ట్ కొన్నాడు. వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, తన టోపీ తనే తీసి మోకాలికి పెట్టుకుని, సూటిగా చెప్పాడు.

"అమ్మాయ్, దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. వేళ్లు తిరిగొస్తే నీ దగ్గరే తీసుకుంటా. లేదంటే ఈ ఏటినుంచి మిల్లుకే చెప్పేస్తా."

"మిల్లు సరుకు బాగుందా బాబాయ్?" అంది వదిన.

"బాగోదు. కానీ ఎప్పుడూ ఒకేలా బాగోదు. ఆ మాత్రం భరోసా నాకు కావాలి. ముసలాణ్ణి."

"ఎల్లుండి ఏరతాను. వచ్చి ఎదురుగా కూర్చుని చూడు."

"టికెట్టు ఉందా?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకుంటానంటే నేనే డబ్బులిస్తా" అన్నాడు బాబాయ్.

నవ్వుకున్నాం గానీ విషయం అందరికీ తెలుసు. బాబాయ్ పోతే ఫెల్ట్ పోతుంది. ఫెల్ట్ పోతే మిగిలిన వడుకు ఉన్ని మిల్లునుంచి కాగితాలు అంటించుకుని చుట్టలుగా వచ్చేస్తుంది. ఏరేవాళ్లు అక్కర్లేదు. కొట్టు ఎలాగో నడుస్తుంది. వదిన నడవదు. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఈ ఇంట్లో ఆవిడ మాటకి విలువ తెచ్చింది ఆ రెండు వేళ్లే.

మర్నాడంతా వాన. సాయంత్రం సంచుల గదిలోకి తొంగి చూస్తే వదిన ఒక్కతే ఉంది. సంచిలోంచి తీసిన కుచ్చుని పై పెదవి మీద అటూ ఇటూ రాసుకుంటోంది.

"ఏంటి వదినా, ముద్దులు గొర్రెలకి పంచేస్తే మా అన్నయ్య ఏమైపోవాలి?"

"సిగ్గులేనిదానా, పో అవతలికి" అంది. మామూలుగా అయితే ఇంకో రెండు వేసేది. నేను నవ్వుకుంటూ పోయాను.

తెల్లారి బాబాయ్ చెప్పిన వేళకి ముందే వచ్చి స్టూలు వేసుకున్నాడు. అన్నయ్య వదిన కళ్లకి మఫ్లర్ కట్టాడు. ఆవిడ గోడ పట్టుకుని మొదటి సంచి దగ్గరికి వెళ్లి, చెయ్యి పెట్టి, కుచ్చు తీసి రుద్దింది.

"వడుకు."

బాబాయ్ లేచి తనూ ఒక కుచ్చు రుద్ది చూసుకున్నాడు. తలూపాడు. నేను సుద్దతో రాశాను.

"కూరుడు." అదీ చూశాడు. అదీ నిజమే.

"ఫెల్ట్." ఆయన చూడబోయేలోపు "బాబాయ్, ప్రతి సంచినీ పరీక్షిస్తే వదిన నీ టోపీలన్నీ పెట్టి చూడమంటుంది, నీ తల పరిమాణం బయటపడుతుంది" అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతూ కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. వదిన గోడ వెంట చకచకా వెళ్లిపోయింది. ఇదివరకు ఒక్కో సంచి దగ్గర ఆవిడ నిలబడితే నాకు కాళ్లు పీకేవి. "వడికే మనిషికి వడి వచ్చేసింది" అని కూడా అన్నాను. చివరి రెండు సంచుల్లో మొదటిది "వడుకు", ఆఖరిది "ఫెల్ట్, అన్నిట్లోకీ మంచిది" అంది. నేను రాసి కింద గీత కూడా గీశాను.

మఫ్లర్ విప్పాక వదిన మొహం చూసి అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఏకేటప్పుడు లేచే నూగు అన్నాడు. ఆ రోజు ఎవరూ ఏకలేదు.

"అయితే రేపు ఆ ఆఖరి సంచిలోంచి ఒక టోపీకి సరిపడా నా కళ్లముందు చెయ్యి. పట్టుకుపోతా" అన్నాడు బాబాయ్.

పొద్దున్నే అన్నయ్య ఆ ఉన్నిని ఏకి పొరలు పొరలుగా ఇచ్చాడు. ఇస్తూ ఏదో అనబోయి ఆగాడు. మా అన్నయ్య రోజుకి అనబోయి ఆగేవి చాలా ఉంటాయి కాబట్టి నేను పట్టించుకోలేదు.

వదిన బల్ల మీద చాప పరిచి, పొరలు ఒకదానికొకటి అడ్డంగా వేసింది. తెల్లగా, మెత్తగా, మబ్బుతునకలా ఉంది. సబ్బునీళ్లు చల్లి, పైన పల్చటి గుడ్డ కప్పి, అరచేతుల్తో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. చేతులు అలా తిరుగుతుంటే చూడటం నాకు చిన్నప్పట్నుంచి అలవాటయిన సుఖం. అమ్మ చేతులూ అలాగే తిరిగేవి.

కాసేపటికి గుడ్డ తీసి బాబాయ్ రెండు వేళ్లతో గిల్లి చూశాడు. పట్టుకున్న ఫెల్ట్ అయితే మొత్తం తునక లేవాలి. ఆయన చేతికి ఒక కుచ్చు మాత్రమే వచ్చింది.

"ఇంకా కాలేదు" అన్నాడు.

"నీళ్లు చల్లారినట్టున్నాయి. ఏవండీ, కెటిల్ ఇలా ఇవ్వండి" అంది వదిన.

మళ్లీ పోసింది, మళ్లీ రుద్దింది. చాప చుట్టి దొర్లించింది. విప్పింది. బాబాయ్ గిల్లాడు. ఈసారి పై పొర తడిసిన జుట్టులా ఆయన వేళ్లకి వేలాడుతూ పూర్తిగా లేచి వచ్చింది. ఆయన దాన్ని ఉన్నచోటే మెల్లగా పడుకోబెట్టాడు. ఎవర్నీ చూడలేదు.

"అవుతుంది. పట్టుకుంటోంది, నాకు తెలుస్తోంది" అంది వదిన.

ఎవరికీ ఏమీ తెలియడం లేదు. నీళ్లలో పీచు దేనికది తేలుతోంది. ఆవిడ కెటిల్ ఎత్తి ఉన్నదంతా వంచేసింది. పొగలు లేచాయి. ఆ పొగల్లోకి రెండు చేతులూ పెట్టి రుద్దుతూనే ఉంది. పొర ఒక మూల బల్ల అంచు దాటి జారుతుంటే సర్దుదామని నేను వేలు పెట్టాను.

"అమ్మో!" అని వెనక్కి గెంతాను. వేలు నోట్లో పెట్టుకున్నాను. "కాలింది! వదినా, అవి మరిగే నీళ్లే!"

వదిన నా వేలు వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసింది. అవి నీళ్లలోనే ఉన్నాయి. మణికట్టు దాకా ఎర్రగా, వాచి, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. ఆవిడ వాటిని బయటికి తీయలేదు. అన్నయ్యే వచ్చి, పసిపిల్లని ఎత్తినట్టు ఆ రెండు చేతుల్నీ కింద చెయ్యి వేసి పైకెత్తాడు.

చన్నీళ్ల గిన్నెలో చేతులు పెట్టించాం. నేను మందు పూశాను. ఎక్కడ పూస్తున్నానో ఆవిడ నా చెయ్యి చూసి తెలుసుకుంటోంది. చూపు తిప్పితే తెలియడం లేదు.

"ఏవండీ, సంచులు జరిపారా?" అంది.

"మొన్న వానకి కప్పు కారింది కదా" అన్నాడు అన్నయ్య. "ఆ మూల రాత్రికి తడిసిపోయేలా ఉంటే చివరి రెండూ తీసి తుడిచి పెట్టాను. అటుది ఇటు అయిందేమో. అయితే ఏం? నీకు వరసతో పనేముంది?"

"ఈసారి ఉంది" అంది వదిన.

అప్పుడు చెప్పింది. వేళ్లకి స్పర్శ రాలేదు. ఎప్పుడూ రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూసి చూసి, రానేరాదని తెలిశాక వచ్చిందని చెప్పింది. పెదవికి మాత్రం ఇంకా తెలుస్తోంది. ఏరే రోజుకి ముందు సాయంత్రం ఒక్కో సంచినీ పెదవితో చూసుకుని, గోడ వెంట వరస బట్టీ పట్టింది. మర్నాడు పొద్దున మఫ్లర్ వెనక ఆవిడ అప్పజెప్పింది ఆ పాఠమే. అంతా సరిగ్గానే అప్పజెప్పింది. సంచులే తప్పు. ఆఖరి సంచిలోకి వచ్చి కూర్చుంది మిల్లు మందు పట్టించిన ఉన్ని.

"డ్రమ్ము మీద జారింది నాకు" అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ. "ఇది ఫెల్ట్ ఉన్నిలా లేదే అనిపించింది."

"అనిపిస్తే చెప్పాలి కదండీ!"

"నువ్వు ఫెల్ట్ అన్నాక నేనెవర్ని చెప్పడానికి?"

దానికి వదిన దగ్గర ఏకే మాట లేదు. ఇంతకాలం ఆవిడ తప్పు చెప్పలేదు గనక మాలో ఎవరికీ రెండోసారి చూసే అలవాటు లేదు. ఆ అలవాటు లేకుండా చేసింది ఆవిడే.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. "సంచుల వరస మారితే మారింది గానీ, వదినా మరదళ్ల వరస మారలేదు కదా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా మాట నాకే చెవిలో గీరుకుంది.

బాబాయ్ మోకాలి మీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. "మిల్లుకి చెప్పేస్తానమ్మా. నీ మీద కోపంతో కాదు."

"కోపంతో చెబితే బాగుండేది బాబాయ్" అంది వదిన.

ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. బల్ల మీది తడి ఉన్నిని చేత్తో పిండి, ముద్ద చేసి, అది ముద్దగా కూడా నిలవకపోతే తన సంచిలో వేసుకున్నాడు. ఎందుకు తీసుకెళ్లాడో నాకు తెలీదు. బహుశా ఆవిడ కళ్లముందు ఉండకూడదని అనుకుని ఉంటాడు.

చేతులు మానేసరికి చాలాకాలం పట్టింది. చర్మం మానింది అంతే.

"పెదవి ఉంది కదా. పెదవితోనే ఏరు. కళ్లు తెరుచుకునే ఏరు. ఎవరొద్దన్నారు?" అని ఒకరోజు నేను వెంటపడ్డాను. పట్టుకుంటే వదలకపోవడం వదిన గుణం, ఈసారి నేను పట్టుకున్నాను.

"ఒక్క సంచికి బాగానే ఉంటుంది. ఆ జిడ్డుకీ దుమ్ముకీ రెండోదానికే మంటెత్తుతుంది. మూడోదానికి మొద్దుబారుతుంది" అంది. "ఆ సాయంత్రం వరసంతా చూసేసరికి పెదవి చిట్లి రక్తం వచ్చింది. నువ్వు ముద్దులన్నావు."

నేను ఏమీ అనలేకపోయాను. నేను ఏమీ అనలేకపోవడం మా ఇంట్లో పెద్ద వార్త. అన్నయ్య మధ్య గదిలోంచి వచ్చి చూసి వెళ్లాడు.

తర్వాత వదిన తనంతట తనే కూరుడు పని తీసుకుంది. వెనక గదిలో ఇప్పుడు దిండ్ల గలీబులు, తుక్కు ఉన్ని. కూరడానికి వేళ్లక్కర్లేదని ఆవిడ మాట. నిండిందో లేదో తెలియక ఒక్కోసారి బండరాయిలా కూరేస్తుంది. మోచేత్తో నొక్కి చూసుకుంటుంది. అన్నయ్య ఆ దిండ్లలోంచి గుప్పెడు గుప్పెడు తీసి కుట్టేస్తాడు, ఆవిడ చూస్తుండగానే. దాచిపెట్టడాలు ఇంక వద్దనుకున్నాం.

బాబాయ్ మిల్లుకి మారినా వడికేవాళ్లు కొందరు మా ఉన్నే కావాలంటున్నారు. వ్యాపారి ఈసారి తక్కువ సంచులే దింపాడు. ఎవరో ఒకరు ఏరాలి. అన్నయ్య డ్రమ్ము మీద తెలుస్తుంది గానీ విడి కుచ్చు ఇస్తే చెప్పలేనన్నాడు. నా వైపు చూశాడు. ఈ వయసులో నాకు ఓనమాలు. ఆయనే మఫ్లర్ కట్టాడు.

చీకట్లో సంచిలో చెయ్యి పెట్టాను. మెత్తగా ఉంది. అన్నీ మెత్తగానే ఉంటాయి, ఉన్ని కదా. మొదట్నుంచి కొసకి రుద్దాను, కొసనుంచి మొదటికి రుద్దాను. రెండు వైపులా ఒకటే. జబ్బు చేశాక వదిన వేళ్లకి తెలియలేదు. నా వేళ్లకి పుట్టుకతోనే తెలీదు. అయినా పైకి "వడుకు" అన్నాను. పక్కగదిలో వదిన ఉంది. తలుపు తెరిచే ఉంది. గలీబులోకి ఉన్ని కూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏమీ అనలేదు. సరిగ్గానే చెప్పానేమో అనుకున్నాను.

రెండోదీ మూడోదీ అలాగే, ఏదో ఒకటి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

ఆఖరి సంచిలో చెయ్యి పెట్టగానే నాలాంటిదానికి కూడా తెలిసింది. ముళ్లు, పుల్లలు, పేడ ఉండలు. పరమ తుక్కు, దిండ్లకి కూడా కడిగి వాడాలి. ఆ వాసన పక్కగది దాకా కొట్టే ఉంటుంది. నాకొక ఆశ పుట్టింది. గొంతు పెంచి, బజారు దాకా వినిపించేలా అరిచాను.

"వడుకు! నంబర్ వన్ వడుకు! పసిపిల్లల బుగ్గలకి సైతం పనికొచ్చే వడుకు!"

పక్కగదిలో చప్పుడు ఆగింది. నేను సంచిలోంచి చెయ్యి తీయకుండా నిలబడ్డాను. 'నీ మొహం' అంటుంది. 'నీ బుగ్గలకి పెట్టుకో' అంటుంది. విసురుగా లేచి వచ్చి మఫ్లర్ లాగేసి నన్ను ఏకిపారేస్తుంది. ఆ ఒక్క తిట్టు కోసం నేను ఎన్ని తప్పులైనా చెబుతాను.

"నువ్వన్నదే రాసెయ్యవే" అంది వదిన.

కోపం లేదు, ఎగతాళి లేదు. పక్కింటివాళ్లు వాళ్ల సంచుల గురించి అడిగితే చెప్పినట్టు చెప్పింది. కూరుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది.

అన్నయ్య మఫ్లర్ విప్పాడు. ఆయనా ఆ సంచిలోకి చూశాడు, నన్నూ చూశాడు. సుద్దముక్క నా చేతికిచ్చాడు. తుక్కు సంచి మీద పెద్ద అక్షరాలతో 'వడుకు' అని రాశాను.